ఇరవయ్యో ఎపిసోడ్ మిగిలే ఉంది

గది తలుపు వేసుకునే వయసు కూతురిది. ఆ తలుపు బయట ‘అన్నం చల్లారిపోతోందే’ అంటూ నిలబడే వంతు తల్లిది. ఆ ఇద్దరి మధ్యకీ సియోల్ నుంచి ఓ ఇరుకు సందు నడిచొచ్చింది.

రాత్రి తొమ్మిదింపావు. హాల్లో లైటు తీసేశాం. సోఫాలో ఒక చివర నేను, రెండో చివర నుంచి నా ఒళ్లోకి కాళ్లు చాపేసి మా అమ్మాయి. కింద చాప మీద, గోడకు దిండు ఆనించుకుని అత్తయ్య. చేతిలో వక్కపలుకుల డబ్బా. తెర మీద కొరియావాళ్ల ఇల్లు. పాస్‌పోర్టులో నీ పేరు ఇంగ్లిష్‌లో ఎలా రాసి ఉందో చదివి చెప్పమ్మా అని కొడుకు అడుగుతున్నాడు. ఆ తల్లి మామూలు మనిషి కాదు. చిరుతపులి ముద్రల బట్టలు వేసుకుని, ఇంట్లో ముగ్గురు మగవాళ్లనీ గుప్పిట్లో పెట్టుకున్న మనిషి. అలాంటావిడ నీళ్లు నములుతోంది. ఏవో సాకులు చెబుతోంది.

అత్తయ్యకు కొరియన్ రాదు సరే, కింద పడే ఇంగ్లిష్ అక్షరాలూ చదవలేరు. అందుకని మా ఇంట్లో ఓ ఏర్పాటుంది. మనవరాలు ఆ అక్షరాలు చూసి అప్పటికప్పుడు తెలుగులో చెబుతూ ఉంటుంది, తోలుబొమ్మలాటలో తెర వెనక గొంతులా. ఆ గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది.

“ఏమందే?” అన్నారు అత్తయ్య.

జవాబు లేదు.

“ఏమందే అమ్మడూ? నాకు చెప్పకుండా మింగుతావేం?”

“ఆవిడకి... ఇంగ్లీషు చదవడం రాదంట నానమ్మా. కొడుక్కి ఇప్పుడే చెబుతోంది.”

అత్తయ్య వక్కపలుకు నోట్లో వేసుకోబోయి ఆగారు. “ఓసి నీ ఇల్లు బంగారంగానూ, అంతేనా! దానికి అంత ఇదైపోవడం ఎందుకంట?” అన్నారు. కాసేపాగి, తెర వైపే చూస్తూ, “నా మందుబిళ్లలు నేను రంగు చూసి వేసుకోవట్లా? పొద్దున పచ్చది, రాత్రి తెల్లది. షాపువాడు కంపెనీ మార్చి ఇచ్చినప్పుడే చచ్చే చావు” అన్నారు.

మర్నాడు పొద్దున చూస్తే అత్తయ్య మందుల అట్టల మీద స్కెచ్‌పెన్‌తో తెలుగు అక్షరాలు. ‘టిఫినయ్యాక’, ‘రాత్రి పడుకోబోయే ముందు’, ‘ఇది నొప్పి ఉంటేనే’. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్లు. నాకెన్నడూ తట్టలేదు.

‘ఊఁ’ తప్ప మాట లేని రోజులు

అంతకు ఆరు నెలల ముందు ఇదే పిల్ల నోట్లోంచి మాట రావాలంటే గగనం. “ఎలా ఉందే పరీక్ష?” “ఊఁ.” “ఏం తింటావు?” “ఏదో ఒకటి.” “ఏమైంది?” “ఏం కాలేదు, వదిలెయ్.” పదిహేనేళ్ల పిల్ల. పదో తరగతి. వాళ్ల నాన్నకు విశాఖలో ఉద్యోగం, పదిహేను రోజులకోసారి వచ్చి ఆదివారం రాత్రికి బండెక్కేస్తారు. వాళ్లన్నయ్య బీటెక్ హాస్టల్లో. ఇంట్లో మిగిలింది మూడు తరాల ఆడవాళ్లం, మూడు గదులు. వాటిలో ఒకదానికి ఎప్పుడూ గడియే.

ఈడొచ్చిన పిల్లలు తలుపులు వేసుకోవడం వింతేమీ కాదు. నేనూ వేసుకునేదాన్నే, కాకపోతే తెనాలిలో మా ఇంట్లో వేసుకోడానికి తలుపున్న గది ఒక్కటే, అందులో బియ్యం బస్తాలుండేవి.

దసరా సెలవుల్లో ఓ మధ్యాహ్నం ఆ గదిలోంచి వెక్కిళ్లు వినిపించాయి. భయపడి తలుపు నెట్టుకుని వెళ్లాను. మంచం మీద బోర్లా పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్‌లో ఏదో చూస్తూ ఏడుస్తోంది. “ఏంటే అది?” అంటే “నీకర్థం కాదులే” అంది. వెనక్కి తిరిగి వచ్చేసేదాన్నే. ఈలోపు తెర మీద ఓ కుర్రాడు చేతిలో గిన్నెతో ఓ ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పోతున్నాడు. ఆ ఇల్లావిడ ఆ గిన్నె తీసుకుని, వేరే గిన్నె నింపి పంపింది. ఆ గిన్నె పట్టుకొచ్చినవాడికి మరో ఇంటి నుంచి ఇంకో గిన్నె ఎదురొచ్చింది. అన్నాల వేళకు ఆ సందులో పిల్లలందరి చేతుల్లోనూ గిన్నెలే.

“మా తెనాలిలోనూ ఇంతే. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మా అమ్మ ఏమీ లేకపోతే చారెడు పంచదారైనా పోసి పంపేది” అన్నాను, దానితో కాదు, నాలో నేనే.

అది ఒక చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసింది. నెలల తర్వాత మొదటిసారి.

“నిజంగానా?” అంది.

ఐదుగురు పిల్లలు, ఒక సందు

ఆ సీరియల్ పేరు ‘రిప్లై 1988’. సియోల్ ఉత్తరాన సాంగ్‌మున్‌దాంగ్ అనే పేటలో, ఒకే సందులో పెరిగిన ఐదుగురు స్నేహితుల కథ. హత్యల్లేవు, కుట్రల్లేవు, అత్తాకోడళ్ల మధ్య ఉరుములు మెరుపులు లేవు. వంట, బడి, అప్పులు, చలికాలం, ఎవరింటికి ఎవరు భోజనానికి వచ్చారు, ఎవరు ఎవర్ని చూసి మొహం తిప్పుకున్నారు... అంతే. ఎపిసోడ్ దాదాపు గంటన్నర. మొదటి రెండు ఎపిసోడ్లలో నాకు రెండుసార్లు నిద్రొచ్చింది, దాచడం దేనికి. మూడో దాంట్లోంచి మాత్రం తొమ్మిదయ్యేసరికి నేనే గిన్నెలు తోమడం ఆపి రిమోట్ వెతుక్కోవడం మొదలైంది.

కథానాయిక దక్‌సన్ ముగ్గురు పిల్లల్లో నడిమిది. నాన్న బ్యాంకు ఉద్యోగి. స్నేహితుడికి హామీ సంతకం పెట్టి మునిగిపోయి, సంసారాన్ని సగం నేలలోకి దిగి ఉండే ఇంట్లోకి తెచ్చాడు. హామీ సంతకాల కథ తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాలా? “మా పెదమావయ్య ఎకరంన్నర ఇలాగే పోయింది” అన్నారు అత్తయ్య, నాన్న పాత్ర గుమ్మంలోకి రాగానే.

మొదటి ఎపిసోడ్‌లోనే మా అమ్మాయిని ఏడిపించిన ఘట్టం ఉంది. దక్‌సన్ పుట్టినరోజు, వాళ్లక్క పుట్టినరోజుకు కొద్దిరోజుల తేడాలో వస్తుంది. కాబట్టి ఏటా అక్క కేకు మీదే కొవ్వొత్తులు మార్చి దీనిదీ అయిందనిపిస్తారు. ఈసారి పిల్ల తిరగబడుతుంది. కోడి కాలు ముక్కలు అక్కకీ తమ్ముడికీ, నాకేమో రెక్కా? గుడ్లు తక్కువైతే నాకే తక్కువవుతాయా? ఆఖరికి పేరు కూడా నాకే ఈ పాతకాలం పేరా? లెగ్‌పీసు మీద జరిగిన గొడవలు రాస్తే తెలుగునాట ప్రతి ఇంటికీ ఓ భారతం అవుతుంది. ఆ రాత్రి తండ్రి చిన్న కేకు కొనుక్కుని సందులో కూతురి కోసం ఎదురుచూస్తాడు. తనేమీ పుట్టుకతో తండ్రి కాదని, నాన్నగా ఉండటం తనకూ ఇదే మొదటిసారని, తెలియక చేసిన తప్పు కాయమని అడుగుతాడు.

ఆ మాట దగ్గర నేను కళ్లు తుడుచుకున్నాను. మా అమ్మాయి తెర మీంచి చూపు తిప్పకుండా, మామూలు గొంతుతో అంది: “నాది కూడా ఎప్పుడూ పరీక్షలయ్యాకే కదమ్మా.”

దాని పుట్టినరోజు మార్చిలో. ఎల్‌కేజీ నుంచి ఇప్పటిదాకా ‘పరీక్షలవనీ, ఘనంగా చేద్దాం’ అంటూనే ఉన్నాం. పరీక్షలయ్యేసరికి ఎండలు, ప్రయాణాలు, ఎవరివో పెళ్లిళ్లు. ఇన్నేళ్లూ ఆ మాట దాని కడుపులో ఉంది.

◆ ఆ సీరియల్ గురించి నాలుగు ముక్కలు ◆
‘రిప్లై 1988’ దక్షిణ కొరియా కేబుల్ చానల్ టీవీఎన్‌లో 2015 నవంబరు నుంచి 2016 జనవరి వరకు వచ్చింది. మొత్తం 20 ఎపిసోడ్లు. దర్శకుడు షిన్ వన్-హో, రచయిత్రి లీ ఊ-జంగ్. ఇదే జంట అంతకుముందు ‘రిప్లై 1997’ (2012), ‘రిప్లై 1994’ (2013) తీశారు. 1988 నాటి కథకు ఆఖరి ఎపిసోడ్ రోజున 18.8 శాతం రేటింగ్ వచ్చింది. అప్పటికి కొరియా కేబుల్ సీరియళ్లలో అదే రికార్డు. పెద్దయిన దక్‌సన్, ఆమె భర్త పాత రోజులు గుర్తుచేసుకుంటూ కథ చెబుతుంటారు. ఆ భర్త చిన్నప్పటి స్నేహితుల్లో ఎవరన్నది చివరిదాకా దాచారు. దాని మీద కొరియాలో ప్రేక్షకులు రెండు జట్లుగా విడిపోయి వాదించుకున్నారు. ఎవరో నేనూ ఇక్కడ చెప్పను.

నువ్వప్పుడు ఎక్కడున్నావమ్మా?

1988లో నాకు తొమ్మిదేళ్లు. ఇదే అసలు తమాషా. మా అమ్మాయి తనదిగా దాచుకున్న లోకం తీరా చూస్తే నా చిన్నతనం. నేను దాని గదిలోకి వెళ్లాననుకున్నాను, అదొచ్చి నా వీధిలో తిరుగుతోంది.

అందుకే ప్రశ్నలు మొదలయ్యాయి. వాళ్లు రాత్రిళ్లు లేచి పొయ్యిలో మారుస్తున్న ఆ గుండ్రటి నల్ల బిళ్లలేంటి? బొగ్గుపొడి ముద్దలు, కన్నాలున్నవి, గది నేలను వేడిగా ఉంచడానికి. మీకూ ఉండేవా? మాకు కుంపటి, రంపప్పొట్టు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు. కిరసనాయిలు కోసం రేషన్ షాపు ముందు డబ్బా వరుసలో పెట్టి ఆడుకోడానికి పోయేవాళ్లం. డబ్బా ఎవరూ తియ్యరా? తియ్యరు. ఎందుకు తియ్యరు? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

టీవీ మా ఇంట్లో లేదు. రెండిళ్ల అవతల ప్లీడరు గారింట్లో ఉండేది, చెక్క తలుపులు మూసి తాళం వేసే పెట్టె. ఆదివారం పొద్దున వాళ్ల వసారాలో చెప్పుల గుట్ట. 1987 జనవరిలో మొదలైన ‘రామాయణ్’ 1988 జులై ఆఖరు దాకా నడిచింది. ముందు వరుసలో పిల్లలు, వెనక కుర్చీల్లో మగవాళ్లు, గుమ్మం దగ్గర కొంగు నడుముకు దోపుకుని ఆడవాళ్లు. హిందీ ఎవరికీ సరిగ్గా రాదు. ప్లీడరు గారి అమ్మాయి హిందీ ప్రవేశిక చదువుతోంది, ఆవిడే మాకు అర్థం చెప్పేది. అంటే అప్పుడూ ఒక ఆడపిల్లే చెప్పింది, పెద్దవాళ్లంతా ఆ పిల్ల మొహం చూశారు.

దక్‌సన్‌కు ఆ ఏటి సియోల్ ఒలింపిక్స్‌లో దేశం పేరున్న పలక పట్టుకుని జట్టు ముందు నడిచే అవకాశం వస్తుంది. మడగాస్కర్ పలక. నెలల తరబడి నడక సాధన చేస్తుంది. తీరా చూస్తే మడగాస్కర్ ఆటలకు రావడం లేదంటారు. ఎలాగో ఆఖరికి ఉగాండా పలక దొరుకుతుంది. “మన జట్టు ముందు ఎవరు నడిచి ఉంటారమ్మా?” అంది మా అమ్మాయి. ఆ ఒలింపిక్స్‌లో మనకు ఒక్క పతకమూ రాలేదన్న సంగతి చెబితే, “అయినా నడిచారు కదా” అంది.

◆ ఒకే ఆదివారం ◆
సియోల్ ఒలింపిక్స్ 1988 సెప్టెంబరు 17న మొదలై అక్టోబరు 2న ముగిశాయి. ఆ అక్టోబరు 2 ఆదివారం. అదే రోజు దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదటి భాగం ప్రసారమైంది. అక్కడ దక్‌సన్ తరం జ్యోతి ఆరిపోవడం చూసిన రోజే ఇక్కడ మేం ‘నేను కాలాన్ని’ అనే గొంతు మొదటిసారి విన్నాం.

జడ వేసే పావుగంట

ఈ మాటలన్నీ భోజనాల బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే వచ్చేవా? రావు. ఎన్నిసార్లు ప్రయత్నించానో నాకు తెలుసు. ‘రా, కూర్చో, మాట్లాడుకుందాం’ అంటే ఆ వయసు పిల్లలకు అది పోలీసు స్టేషన్ పిలుపు.

మా అమ్మతో నేను ఎప్పుడు మాట్లాడానా అని వెనక్కి వెళ్లి చూసుకున్నాను. బడికి వెళ్లే ముందు జడ వేయించుకుంటూ. రోజూ పావుగంట. ఆమె వెనక పీట మీద, నేను ముందు నేల మీద. నా మొహం ఆమెకు కనపడదు, ఆమెది నాకు కనపడదు. ఇద్దరి చూపూ ఎదురుగా ఉన్న అద్దం మీదో, పెరట్లో తులసికోట మీదో. నాకు రజస్వల గురించి చెప్పింది ఆ పీట మీదనుంచే. లెక్కల్లో తప్పానని నేను చెప్పిందీ ఆ నేల మీదనుంచే. చెప్పాక ఓ క్షణం దువ్వెన ఆగింది, మళ్లీ కదిలింది, అంతే. ఇప్పుడు మా అమ్మాయి జుట్టు భుజాల దాకా కత్తిరించి రబ్బరు బ్యాండు వేసుకుంటుంది. ముప్పై సెకన్లు. ఆ పావుగంట ఎటుపోయిందో ఎవరం గమనించలేదు.

టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆ పీటా నేలా వెనక్కి వచ్చాయి. ఇద్దరం మూడో చోటికి చూస్తున్నాం. అక్కడెవరో వేరేవాళ్ల పిల్ల తప్పు చేస్తోంది, వేరేవాళ్ల అమ్మ అరుస్తోంది. ‘ఆ అమ్మ అలా అనకుండా ఉండాల్సింది’ అని నా కూతురు అన్నప్పుడు నాకు తగలాల్సింది తగులుతుంది, నా మీద వేసినట్టు మాత్రం ఉండదు.

అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి సంగతే చూశారు. తల్లిదండ్రులతో కలిసి టీవీ, సినిమాలు చూసే కౌమార వయసు పిల్లలకు ఇంటివాళ్లతో దగ్గరితనం ఎక్కువగా కనిపించిందట. సోషల్ మీడియాలో పిల్లల వెంట పడితే మాత్రం ఫలితం తిరగబడిందట. వాళ్లు చెప్పింది రెండింటి మధ్య సంబంధమే, ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేదు. ఇంట్లో సఖ్యత ఉన్నవాళ్లే కలిసి చూస్తున్నారేమో కూడా. మా ఇంట్లో మాత్రం ముందు చూడటం, తర్వాతే సఖ్యత.

ఒక టీవీ నుంచి నాలుగు ఫోన్లకు

కలిసి చూడటం మనకు కొత్తేం కాదు. మర్చిపోయాం. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ‘అమృతం’ వచ్చే వేళకు ఇంట్లో అందరూ ఒకే గదిలో ఉండేవాళ్లు. తాతగారికీ మనవడికీ ఒకే చోట నవ్వొచ్చేది. ‘మొగలిరేకులు’ వస్తుంటే మా అత్తయ్య ఫోనెత్తేవారు కాదు. చూసే పెట్టె ఒక్కటే, రిమోట్ ఒక్కటే, కాబట్టి తగువూ ఒక్కటే. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. డేటా చవకైంది. ఎవరి తెర వాళ్లకొచ్చింది, చెవుల్లో ఎవరి శబ్దం వాళ్లకు. తగువులు తగ్గాయి. తగువుతో పాటు పోయినవేంటో లెక్క రాసుకోలేదు.

కొరియా కథలు మన దేశంలోకి మొదట వచ్చింది ఈశాన్యం గుమ్మంలోంచి. 2000లో మణిపూర్‌లో ఓ తీవ్రవాద సంస్థ హిందీ సినిమాలను నిషేధిస్తే, ఆ ఖాళీలోకి కొరియా చానళ్లు, సీడీలు చేరాయి. తెలుగిళ్లలోకి అవి లాక్‌డౌన్‌లో జొరబడ్డాయి. ‘క్రాష్ లాండింగ్ ఆన్ యు’తో కొందరు, బీటీఎస్ పాటలతో కొందరు, 2021లో ‘స్క్విడ్ గేమ్’తో మిగతావాళ్లు. పదహారో ఇరవయ్యో ఎపిసోడ్లకు కథ అయిపోతుంది, మనవాటిలా పుష్కరం నడవదు. పెద్దవాళ్ల ముందు తల వంచుతారు, గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తారు, ‘తిన్నావా’ అనేదే పలకరింపు. తల్లిదండ్రులకు అభ్యంతరం తక్కువ.

వరసల దగ్గర మాత్రం అత్తయ్య పట్టు వదలరు. తెర మీద ఎవరైనా చుట్టం దిగితే “మేనత్తా, పిన్నా?” అంటారు. కింద ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే మాట. మా అమ్మాయి చెవి కొరియన్ శబ్దం పట్టుకుంటుంది. “ఇమో అన్నాడు నానమ్మా, అంటే వాళ్లమ్మ చెల్లెలు. మేనత్తయితే గొమో అనేవాడు.” అక్కను ఆడపిల్ల పిలిస్తే ఒక మాట, మగపిల్లాడు పిలిస్తే వేరే మాట. రెండు భాషల మధ్యా ఇంగ్లిష్ నేల మీద ఒలకబోసిన సంగతులను ఈ పిల్ల ఏరి నానమ్మకు అందిస్తుంటే, ట్యూషన్‌లో తెలుగు వ్యాకరణం మార్కులు ఎందుకు రావో నాకు అర్థం కాలేదు. ఆ మాట పైకి అన్నాను కూడా. అనకుండా ఉండాల్సింది.

నీతికి పది రూపాయలు

దక్‌సన్‌కు చదువు అబ్బదు. వాళ్లక్క బోరా సియోల్ నేషనల్ యూనివర్సిటీలో చదువుతుంది. ఓ రాత్రి నోరూరుకోక “చూశావా, అంత ఇరుకింట్లో ఉండి కూడా ఆ పిల్ల ఎలా చదివిందో” అన్నాను. మా అమ్మాయి ఏమీ అనలేదు. రిమోట్ తీసుకుని టీవీ కట్టేసి, గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుంది. తొమ్మిది రోజులు. సంక్రాంతి పండగ కూడా అందులోనే పోయింది. నేను వేసిన అరిసెలు వాళ్లన్నయ్య ఒక్కడే తిన్నాడు.

పదోరోజు నేనే తలుపు తట్టి, “ఇక నోరెత్తను” అన్నాను. షరతు పెట్టింది. సీరియల్ చూస్తూ నీతి చెబితే నీతికి పది రూపాయలు జరిమానా. వంటింట్లో పాత హార్లిక్స్ సీసా ఖాళీ చేసి టీవీ పక్కన పెట్టింది. నెల తిరిగేసరికి అందులో నూట నలభై. అత్తయ్య మాత్రం అరువు పెట్టేవారు. “నా పింఛను పడ్డాక తీసుకోవే” అని.

రెండో నేరం ఇంకా ఘోరం. పదమూడో ఎపిసోడ్ సగంలో ఆపి పడుకున్నాం. మర్నాడు అది బడికెళ్లాక ఆగలేక మిగతా సగం నేనొక్కదాన్నే చూసేశాను. రాత్రి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. కింద ఎర్రగీత చివరిదాకా పోయి ఉంది. “అమ్మా” అంది. ఆ ఒక్క పిలుపులో మా అమ్మ నన్ను జామపండ్ల దొంగతనంలో పట్టుకున్నప్పటి గొంతు వినిపించింది. విడ్డూరమేంటంటే, ఆ సీరియల్ అది అప్పటికే రెండుసార్లు చూసేసింది. కథ తెలుసు దానికి. ఒక్కో చోట నా మొహం ఎలా మారుతుందో చూడాలని కూర్చుంటోంది. నేను దొంగిలించింది అది.

మార్చిలో పరీక్షలు. లెక్కల పరీక్షకు రెండు రోజుల ముందు దాని పుట్టినరోజు. సెలవు పెట్టి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వాళ్ల నాన్న వచ్చారు, విశాఖ నుంచే కేకు పట్టుకుని. పై బెర్తు మీద రాత్రంతా ప్రయాణం చేసిన కేకు ఎలా ఉంటుంది? పేరులో రెండు అక్షరాలు అట్టపెట్టెకు అంటుకుపోయాయి. పొద్దున ఆరున్నరకు పళ్లు తోముకోకుండానే కోయించారు. ‘పరీక్షలయ్యాక’ అన్న మాట ఎవరం ఎత్తలేదు. నేనూ అదీ ఒకర్నొకరు చూసుకుని నవ్వుకుంటుంటే, సీరియల్ చూడని ఆ మనిషి “కేకు అంత ఘోరంగా ఉందా?” అన్నారు.

అద్దం చర్మం, ఆకుపచ్చ సీసా

అన్నీ బాగున్నాయని రాస్తే అబద్ధం. ఆ కథల్లో బాధొచ్చినా సంతోషమొచ్చినా ఆకుపచ్చ రంగు మద్యం సీసా మూత తీస్తారు. అక్క చెల్లెల్ని జుట్టు పట్టుకుని కొట్టడం హాస్యం కింద చెల్లిపోతుంది. వేరే కొరియా సీరియళ్లలో మొహాలు చూస్తే గాజు బొమ్మలే, ఒక్క మొటిమ ఉండదు. అవి చూసి మా అమ్మాయి రెండు నెలలు బియ్యం కడుగు నీళ్లు, ఏవో సీరమ్‌లు పట్టించుకుంది. వాళ్ల తెల్లదనం మీద దానికున్న మోజు నాకు నచ్చలేదు. ఇది చెప్పి పది రూపాయలు కట్టాను కూడా. కట్టదగ్గ మాటే.

కొన్ని కథలు కలిసి చూడ్డానికి కష్టంగా ఉంటాయి, చూడాల్సినవి కూడా అవే కావొచ్చు. 2025 మార్చిలో బ్రిటన్ నుంచి వచ్చిన ‘అడాలసెన్స్’ నాలుగే భాగాలు. తోటి విద్యార్థినిని చంపాడని పదమూడేళ్ల కుర్రాణ్ని పోలీసులు తెల్లవారుజామున ఇంట్లోంచి తీసుకుపోతారు. తలుపు వేసుకున్న ఆ గదిలో ఇన్నాళ్లూ ఏం జరిగిందో తల్లిదండ్రులకు తెలియదు. ఆ దేశ ప్రధాని కియర్ స్టార్మర్ తన టీనేజీ పిల్లలతో కలిసి దాన్ని చూస్తున్నానని పార్లమెంటులోనే చెప్పారు. అదే ఏడాది డిసెంబరు 10 నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్లలోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఆపేశారు. మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోనూ ‘ఇక్కడ కూడా అలా చేసేస్తే పీడా పోతుంది’ అన్న చర్చ వారానికోసారి లేస్తుంది. చేస్తారో లేదో. తాళం వేశాక గదిలో పిల్లతో ఏం మాట్లాడాలన్నది మాత్రం ఏ చట్టమూ రాసి పెట్టదు.

డాలస్‌లో ఉన్న నా స్నేహితురాలికి ఈ దారి పాతదే. కూతురితో ‘గిల్మోర్ గర్ల్స్’ ఏడు సీజన్లూ చూసింది. పదహారేళ్లకే తల్లయిన లోరిలై, ఆమె కూతురు రోరీ, ఇద్దరూ స్నేహితుల్లా కాఫీ తాగుతూ గడగడా మాట్లాడేసుకుంటారు. “నా కూతురు నన్ను లోరిలైతో పోల్చి చూసుకుంటుందే, నేనేమో ఆ రోరీ అమ్మమ్మలా కనపడుతున్నానంట” అని వాపోయింది. ఏ పాత్ర వస్తుందన్నది మన చేతుల్లో లేదు మరి.

నాకు ఇష్టమైన రాత్రి ఇంకోటుంది. చివరికొచ్చేసరికి ఆ చిరుతపులి బట్టలావిడకు నెలసరి ఆగే వయసొస్తుంది. ఊరికే విసుగు, ఊరికే దిగులు. ఇంట్లో మగవాళ్లు కంగారుపడి ఏవేవో చేస్తారు. నాకు నలభై ఆరు. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిరి కమ్మి, మెడ వెనక చెమటలు పట్టి లేచి కూర్చుంటాను. ఎవరికీ చెప్పలేదు. ఆ ఎపిసోడ్ నడుస్తుంటే మా అమ్మాయి తెర వైపు చూడటం మానేసి నా వైపు తిరిగింది. ఏమీ అడగలేదు. ఆ రాత్రి రెండు గంటలప్పుడు నేను లేచేసరికి నా గదిలో టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. అది దాని చదువు బల్ల మీద ఉండాల్సిన ఫ్యాన్.

వార్డెన్ ఫోన్

పదోతరగతి అయితే తెలుగిళ్లలో తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు. జూన్‌లో ఇంటర్ హాస్టల్లో చేర్చాం. ఫోన్ ఉండకూడదు. ఆదివారం సాయంత్రం వరుసలో నిలబడి వార్డెన్ ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడాలి. వెనక ఇరవైమంది. వద్దని అంటే మానేసేవాళ్లమేమో. అది వద్దనలేదు. పెట్టె సర్దుకుంటూ హార్లిక్స్ సీసా బోర్లించి లెక్కపెట్టి, మూడు వందల ముప్పై రూపాయలు నానమ్మ చేతిలో పెట్టింది. “మందుల షాపువాడు కంపెనీ మారిస్తే అమ్మకి చూపించు” అంది.

పంతొమ్మిది ఎపిసోడ్లు అయ్యాయి. ఇరవయ్యోది చూడనివ్వలేదు. చివర్లో ఆ సందు ఖాళీ అయిపోతుందని, ఒక్కో ఇల్లూ సామాన్లు సర్దుకుని వెళ్లిపోతుందని మాత్రం ముందే చెప్పేసింది. “అది నేనొచ్చాకే చూడాలి. దసరాకి” అంది. ఈసారి ఎర్రగీత తన చోట తనుంది.

మొన్న ఆదివారం ఫోనొచ్చింది. తిన్నావా అంటే తిన్నానంది. పప్పు నీళ్లలా ఉందంది. ఫిజిక్స్ సార్ మంచోడంది. ఆ తర్వాత మూడు నిమిషాలు ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. ఎదురెదురుగా కూర్చున్నట్టే ఉంది, ఫోన్‌లో కూడా. అత్తయ్య చెయ్యి చాపి ఫోన్ లాక్కున్నారు.

“ఏమే అమ్మడూ, దసరా అంటే ఇంకా మూడు నెలలుందే! ఆ పిల్ల మొగుడెవడో తేలకుండానే నన్ను పైకి పంపించేస్తారా ఏంటి?”

అటునుంచి పకపకా నవ్వు. దాని వెనక, వరుసలో ఉన్న పిల్లలెవరో “ఏ సీరియలే? ఏ సీరియలే?” అని అడుగుతున్నారు.